1983: పంపిన లెక్క, అమ్మిన లెక్క

అమెరికాలో ఇళ్లలో ఆడుకునే వీడియో గేముల వ్యాపారం 1983లో సుమారు 320 కోట్ల డాలర్లు. 1985 నాటికి అది 10 కోట్ల డాలర్లకు దిగింది. రెండేళ్లలో నూటికి 97 వంతులు తుడిచిపెట్టుకుపోయాయి. పిల్లలకు ఆటలంటే మొహం మొత్తిందని, ఈ మోజు ఇంతటితో సరి అని అప్పట్లో చాలామంది తేల్చేశారు. నాకైతే ఆ తీర్పు తప్పనిపిస్తుంది. దెబ్బతీసింది పిల్లలు కాదు, కంపెనీలు వేసుకున్న లెక్కలు.

అప్పటి ఆట అంటే చిప్పు పెట్టిన ప్లాస్టిక్ క్యాట్రిడ్జ్. ఎన్ని అమ్ముడవుతాయో నెలల ముందే ఊహించి తయారు చేయించాలి. ఊహ తప్పితే సరుకంతా తిరిగి గోడౌన్‌కే. పైగా అటారీ కంపెనీ 1982 మొత్తానికి కావాల్సిన ఆర్డర్లు 1981లోనే ఇమ్మంది. సరుకు దొరకదేమోనన్న భయంతో పంపిణీదారులు అవసరానికి మించి రాసిచ్చారు. అదంతా నిజమైన గిరాకీ అని కంపెనీ నమ్మింది.

ఆ నమ్మకంతోనే 1982లో ప్యాక్‌మ్యాన్ కోటీ 20 లక్షల కాపీలు తయారయ్యాయి. ఆ ఆట నడిచే అటారీ 2600 యంత్రాలే అప్పటికి జనం దగ్గర సుమారు కోటి. ఆట కోసమే కొత్తగా యంత్రం కొనేవాళ్లు వస్తారని ధీమా! ఆ ఏడాది అమ్ముడుపోయినవి 70 లక్షల చిల్లర. తర్వాత స్పీల్‌బర్గ్ సినిమా 'ఈ.టీ.' ఆధారంగా మరో ఆట. క్రిస్మస్‌కు అందాలి కాబట్టి హోవర్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క ప్రోగ్రామర్‌కు ఇచ్చిన గడువు ఐదు వారాలు. దాదాపు 40 లక్షల కాపీలు చేస్తే, అమ్ముడైనవి సుమారు 15 లక్షలని అంచనా. ఆట బాగాలేదని వార్షాను దశాబ్దాలపాటు ఆడిపోసుకున్నారు. ఐదు వారాల గడువు పెట్టిన పెద్దలను మాత్రం ఎవరూ అంతగా తిట్టలేదు.

1982 డిసెంబరులో అటారీ యజమాని వార్నర్ సంస్థ లాభాల అంచనా తగ్గించగానే, మర్నాడే దాని షేరు సుమారు మూడో వంతు పడిపోయింది. ఇంకోపక్క ఓట్స్ అమ్మే క్వేకర్ కంపెనీ కూడా గేముల విభాగం తెరిచింది. అలా వచ్చినవాళ్లు మూతపడి సరుకు వదిలించుకుంటుంటే, 30 డాలర్లు దాటిన క్యాట్రిడ్జ్ 5 డాలర్లకు దొరికింది. మంచి ఆటకు పూర్తి ధర ఎవరిస్తారు? 1983లో అటారీ నష్టం 53.6 కోట్ల డాలర్లు. మిగిలిన సరుకులో కొంత సెప్టెంబరులో న్యూమెక్సికోలోని అలమొగొర్డో చెత్త దిబ్బలో పూడ్చారు. 2014లో తవ్వితే 1,300 దాకా క్యాట్రిడ్జులు బయటికొచ్చాయి. అందులో ఒక్క 'ఈ.టీ.'యే కాదు, బాగా ఆడిన ఆటలూ ఉన్నాయి.

ఇంతలో 1983 జులై 15న జపాన్‌లో నింటెండో 14,800 యెన్‌లకు ఫ్యామికామ్ యంత్రాన్ని విడుదల చేసింది. అదే 1985లో అమెరికాకు ఎన్.ఇ.ఎస్. పేరుతో వచ్చింది. అనుమతి లేని ఆట నడవకుండా యంత్రంలో తాళం చిప్పు పెట్టారు. బయటి కంపెనీకి ఏడాదికి ఐదు ఆటలే అన్నారు. ప్రపంచం మొత్తమ్మీద ఆ యంత్రాలు 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి. మొహం మొత్తినవాళ్లు కొనే సంఖ్యా ఇది?

గేమ్ కంపెనీలు ఈనాటికీ గొప్ప అంకెలు ప్రకటిస్తుంటాయి. అవి దుకాణాలకు పంపిన కాపీలో, జనం కొన్న కాపీలో చూసుకున్నాకే నమ్మండి.