గోడ ముందు, సున్నము తరువాత

మన బాలబాలికలు స్వయముగా కథయో, గేయమో వ్రాయుటకు రెండు అడ్డంకులు కలవని మా ఉపాధ్యాయుల అనుభవము. ఒకటి కాలము లేకపోవుట. రెండవది తప్పు వచ్చునను భయము. మొదటిది అందరకును కనబడును. రెండవది కనబడదు గాని, ఉన్న కొద్దిపాటి కాలమును మ్రింగివేయునది అదియే.

కామాటిపురా గల్లీలలోని తెలుగు చాళీలలో ఒక్క ఖోలీయే వంటయిల్లు, పడకటిల్లు, చదువుల గది. నల్లా వచ్చు వేళకు నీరు పట్టవలెను. సాయంకాలము చంటివారిని ఆడింపవలెను. ఇట్టి ఇంట బిడ్డకు అరగంట దొరకుటయే గగనము. ఆ అరగంటలో 'మా ఖోలీ' అని వ్రాసి, అది తెలుగు మాట కాదేమోయని కొట్టివేయును. 'మా గది' అని వ్రాసి, దస్తూరి బాగులేదని తుడుచును. కడకు కాగితము చించును. అంతలో దీపమార్పు వేళయగును. మరునాడు కలము పట్టుటకే జంకును. ఇట్లు జంకిన బిడ్డకు తెలుగు క్రమముగా వినెడు భాషగా మాత్రమే మిగులును.

తప్పులేకుండ వ్రాయవలెనను కోరిక మంచిదే. దానికి తగిన వేళ వేరు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. వారంతటితో ఊరకుండక, దానిని పెంచి, మార్చి, 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. నేడు మనము చదువుచున్నది ప్రధానముగా ఆ రెండవ కూర్పే. మొదటిది వ్రాయకున్నచో దిద్దుటకు వారి చేత ఏమియు ఉండెడిది కాదు.

కాలము విషయమున ఈ నగరముననే ఒక నిదర్శనము కలదు. మరాఠీ కవి నారాయణ్ సుర్వే అనాథ శిశువై మిల్లు కార్మికుని ఇంట పెరిగిరి. మిల్లులో పనిచేసిరి, పాఠశాలలో బంట్రోతుగా నుండి, పిదప ఉపాధ్యాయులైరి. వారి మొదటి కవితాసంపుటి 1962లో వెలువడినది. తీరిక కలిగిన వారికే కవిత్వమనుట ఎంత పొరపాటో వారి జీవితమే చెప్పుచున్నది.

కావున తలిదండ్రులకు మా మనవి. వారమునకు రెండు దినములు, ఒకే వేళకు, పావుగంట కేటాయింపుడు. అప్పుడు రబ్బరును దూరముగా నుంచుడు. తెలుగు మాట తోచనిచో హిందీ మాటయో, మరాఠీ మాటయో వ్రాయనిండు. వ్రాసినదానిని చదివి వినిపింపుమనుడు. చదువురాని తల్లియైనను విని, 'తరువాత ఏమైనది?' అని అడుగగలదు. ఆ ఒక్క ప్రశ్న బిడ్డచేత మరి నాలుగు పంక్తులు వ్రాయించును. దోషములు దిద్దుట మరియొక దినపు పని. అది మాకు విడువుడు. మేమును ఒకేసారి రెండు మూడింటికి మించి చూపము.

తెలుగునాటినుండి వచ్చి ఈ నగరమును కట్టిన కామాటీల వలననే ఈ పేటకు కామాటిపురా యను పేరు కలిగినది. ఆ పెద్దలు గోడ లేచిన పిమ్మటనే సున్నము వేసిరి. మన పిల్లలను కూడ ముందు గోడ కట్టనిత్తము.