బండి వెనుక ఇరుసు ఏం చెబుతున్నది?



ఎద్దుల బండి మనకు కొత్త కాదు. ఇరుసుకు కందెన లేకపోతే ఏమవుతుంది? బండి కిర్రుకిర్రుమంటుంది. ఎద్దులకు బరువవుతుంది. ఇరుసు అరిగిపోతుంది. చప్పుడు విన్న రైతు వెంటనే కందెన వేస్తాడు.

మోటారు బండికి కూడా ఇరుసు ఉంటుంది. అది కూడా చప్పుడు చేసి చెబుతుంది. ఆ మాట మనకు అర్థం కావాలి.

ఇప్పుడు ఎద్దుల బండ్లు తగ్గినయి. ట్రాలీ ఆటోలు, టాటా ఏస్ బండ్లు వచ్చినయి. టాటా ఏస్ 2005లో వచ్చింది. తిరుమలగిరి మార్కెట్ యార్డుకు వడ్లు తెచ్చేది ఇలాంటి బండ్లలోనే. కొందరు అప్పు చేసి బండి కొన్నారు. ఆ బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్లే. అందుకే బండి సంగతి ఆడవాళ్లకూ తెలియాలి.

ఇరుసు ఎలా పని చేస్తుంది?

టాటా ఏస్ ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. కాని ఇంజను తిప్పేది వెనుక చక్రాలను. ఇంజను నుండి వెనుకకు ఒక పొడుగాటి రాడ్డు పోతుంది. అది తిరుగుతూ వెనుక ఇరుసుకు బలం ఇస్తుంది.

ఇరుసు నడుమ ఒక గుండ్రటి డిప్ప ఉంటుంది. అందులో పళ్ల చక్రాలు ఉంటాయి. చిన్నదాన్ని పినియన్ అంటారు. పెద్దదాన్ని క్రౌన్ అంటారు. ఇవి ఎప్పుడూ నూనెలో మునిగి ఉండాలి. ఈ నూనెను గేర్ ఆయిల్ అంటారు. ఇదే మోటారు బండికి కందెన.

ఆ డిప్పలోనే ఇంకొన్ని చిన్న పళ్ల చక్రాలు ఉంటాయి. వాటి పని ఏమిటి? కల్లంలో బంతి తోలడం యాది చేసుకోండి. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా తిరుగుతది. చివరి ఎద్దు గబగబ నడవాలె. బండి మలుపు తిరిగినప్పుడు కూడా అంతే. లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. రెండూ ఒక్క తీరుగా తిరిగితే టైరు రోడ్డుకు రాసుకొని అరుగుతుంది. ఆ చిన్న చక్రాలు దేనికి తగిన వేగం దానికి ఇస్తాయి.

ఇరుసు రెండు చివరలా బేరింగులు ఉంటాయి. అంటే ఉక్కు గుండ్లు ఉన్న కడియాలు. వాటి మీదనే చక్రం నున్నగా తిరుగుతుంది.

ఏ చప్పుడు ఎక్కడిది?

"ఎనక ఏదో మోగుతున్నది" అంటే సరిపోదు. ఎప్పుడు మోగుతున్నదో చెప్పాలి.

1. బండి నిలబెట్టి ఇంజను రేజ్ చేయండి. అప్పుడూ అదే చప్పుడు వస్తే అది ఇంజనుది కావచ్చు. ఇరుసు తిరగనప్పుడు ఇరుసు మోగదు కదా!

2. తారు రోడ్డు మీద ఒక తీరు, మట్టి రోడ్డు మీద ఒక తీరు వినిపిస్తే టైరును అనుమానించాలి. ఇరుసు చప్పుడు రోడ్డును బట్టి అంతగా మారదు.

3. ఎక్సలేటర్ తొక్కితే "కూ" అని ఊళ పెడుతుంది. కాలు తీస్తే తగ్గుతుంది, లేదా మారుతుంది. ఇది క్రౌన్, పినియన్ చప్పుడు. నూనె తగ్గి ఉండవచ్చు. పళ్లు అరిగి ఉండవచ్చు.

4. కాలు తొక్కినా, తీసినా "గర్ర్" అని తిరగలి విసిరినట్లు వస్తుంది. వేగం పెరిగితే పెరుగుతుంది. ఇది చక్రం బేరింగు చప్పుడు. బండి ఎడమకు తిరిగినప్పుడు చప్పుడు పెరిగితే కుడి బేరింగును ముందు చూడాలి. ఎందుకంటే మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది.

5. బండి కదిలేటప్పుడు, గేరు మార్చినప్పుడు "టక్" అంటుంది. ఇది ఎక్కువగా పొడుగు రాడ్డు చివర ఉండే క్రాస్ జాయింటు చప్పుడు.

6. చక్రం తిరిగిన కొద్దీ "టిక్ టిక్" అంటుంది. టైరులో రాయి ఇరుక్కున్నదేమో చూడండి. నట్లు వదులైనాయేమో తప్పక చూడండి. నట్లు వదులైతే బండి నడపొద్దు.

వేగంగా పోయే ఖరీదైన కార్లలో కూడా చాలావాటికి వెనుక చక్రాలే తిరిగి బండిని నెడతాయి. వాటికి కూడా మెకానిక్కులు ఈ తీరుగానే వెతుకుతారు. లక్షల కారైనా, మన ట్రాలీ అయినా పళ్ల చక్రం గుణం ఒక్కటే.

మెకానిక్కు దగ్గర ఏం అడగాలి?

ముందు నూనె చూడమనండి. బండి చదును నేల మీద ఉండాలి. డిప్పకు ఉన్న బిరడా తీస్తే నూనె ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. తగ్గితే ఎక్కడ కారుతున్నదో వెతకాలి. చక్రం లోపలి వైపు నూనె తడి ఉంటే సీలు పోయిందని గుర్తు. ఆ నూనె బ్రేకులోకి పోతే బ్రేకు పట్టదు. అది ప్రాణాపాయం.

నూనె మార్చినప్పుడు పాత నూనెను చూడండి. సన్నటి బూడిద లాంటి పొడి మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే పళ్లు విరుగుతున్నాయని అర్థం.

తర్వాత జాకీ పెట్టి చక్రం లేపమనండి. జాకీ ఒక్కటే చాలదు. బండి కింద దిమ్మ పెట్టాలి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. చక్రాన్ని చేత్తో తిప్పితే గరగర తెలుస్తుంది. ఊపితే వదులు తెలుస్తుంది.

ఏ చప్పుడో చెప్పకుండా బండి అప్పగిస్తే, "మొత్తం ఇరుసు మార్చాలె" అనే మాట వినవలసి రావచ్చు. బేరింగు పోతే బేరింగు మారిస్తే చాలు. కాని ఆలస్యం చేస్తే షాఫ్టు కూడా పాడవుతుంది. అప్పుడు ఖర్చు పెరుగుతుంది. క్రౌన్, పినియన్ మాత్రం జతగానే మార్చాలి. తీసిన పాత సామాను మీకు చూపించమని అడగండి.

డబ్బు కంటే ప్రాణం పెద్దది

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. ఎక్కువమంది కూలికి పోతున్న ఆడవాళ్లే. దానికి ఇరుసు కారణమని కాదు. కాని సామాను బండి మనుషుల కోసం కాదని ఆ రోజు మనకు చెప్పింది. ట్రాలీలో కూలీలను కుక్కితే, పాడైన ఇరుసు కూడా తోడైతే ఏమవుతుంది? ఆలోచించండి.

ఎక్కిన బండి వెనుక గరగరమంటే ఊరుకోవద్దు. "అన్నా, బండి ఆపు. చక్రం చూడు" అని అడగండి. అడగడం తప్పు కాదు.

చెప్పండి:

1. మలుపులో ఏ వైపు చక్రం ఎక్కువ దూరం పోతుంది?

2. కాలు తీసినా ఆగని "గర్ర్" చప్పుడు దేనిది?

3. మీ ఊరి బండికి గేర్ ఆయిల్ ఎప్పుడు చూశారు? అడిగి రాయండి.