ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పవచ్చా?

2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చిన ‘కార్తీకదీపం’ సీరియల్ తెలియని ఇల్లు మనలో తక్కువ. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన డాక్టర్ కార్తీక్, భార్య దీప గర్భవతి కాగానే ఆమె శీలాన్ని శంకించి దూరం చేసుకుంటాడు. ఆ నమ్మకం వెనుక మోనిత మోసం ఉందని చూసేవాళ్లకు తెలుసు. మోసమే లేదనుకుందాం. అప్పుడైనా ఒక డాక్టర్ అలా తీర్పు చెప్పవచ్చా?

చెప్పకూడదు. వీర్యపరీక్ష బ్లడ్ గ్రూపు లాంటిది కాదు. ఒకే మనిషికి ఈ నెల ఒకలా, మరో నెల ఇంకోలా రావచ్చు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చినా, బట్టీల వేడిలో పనిచేసినా కణాలు తగ్గవచ్చు. అందుకే మొదటి రిపోర్టు బాగాలేకపోతే డాక్టర్లు కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ పరీక్ష చేయిస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస సంఖ్య మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు. అంతకు తగ్గితే తండ్రి కాలేడని దీని అర్థం కాదు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన పురుషులను పరీక్షించి వేసిన లెక్క ఇది. ఆ తండ్రుల్లోనే నూటికి ఐదుగురు ఈ సంఖ్యకు దిగువన ఉన్నారు. కణాలు అసలే లేవని వచ్చినా మళ్లీ పరీక్షించి కారణం వెతకాలి. కొన్ని కారణాలకు చికిత్స ఉంది.

మన అనంతపురం సంగతి చూద్దాం. వానల్లేక బెంగళూరుకో కేరళకో పనికి పోయిన భర్త ఎప్పుడో నాలుగు రోజులు ఇంటికి వస్తాడు. పిల్లలు ఆలస్యమైతే కోడలినే తప్పుపడతారు, ఆమెనే ఆస్పత్రికి తిప్పుతారు. ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. కాబట్టి పరీక్ష ఇద్దరికీ జరగాలి. మగవాడికి పరీక్ష చేయించుకోవడం నామోషీ కాదు.

నమ్మదగనివాడు వార్త తెస్తే ముందు విచారించుకోమని, తెలియక ఎవరికో హాని చేసి తర్వాత బాధపడవద్దని దివ్యఖుర్ఆన్ 49వ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తుంది. రిపోర్టు కూడా ఒక వార్తే. జమాత్ పెద్దలకు నా మనవి ఒక్కటే. తలాక్ మాటో, రెండో నిఖా మాటో పంచాయితీకి వచ్చినప్పుడు, “ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారా? మళ్లీ చేయించారా?” అని మొదట అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఒక ఆడబిడ్డ కాపురం నిలబడవచ్చు.