ఉప్పెన తర్వాత మాట: విపత్తు బాధితులు, కళా చికిత్స, మన రచయితలు

ప్రకృతి వైపరీత్యాల పాలబడిన జనానికి కావలసింది బియ్యం, బట్ట, నిలవడానికి నీడ. వాళ్ళ చేతికి రంగు పెన్సిళ్ళు ఇవ్వడమంటే ఆకలితో ఉన్నవాడి ముందు అగరొత్తులు వెలిగించడమే. ఈ అభిప్రాయం మన సమావేశాల్లో ఒకటికి రెండుసార్లు విన్నాను. అన్నవాళ్ళు సామాన్యులు కారు. వరదలొచ్చినప్పుడు మొలలోతు నీళ్ళలో నిలబడి పులిహోర పొట్లాలు అందించినవాళ్ళు. కనుక ఆ మాటను తేలిగ్గా తోసిపుచ్చడానికి వీల్లేదు. అయితే దీనికి పూర్తిగా ఎదురు కొసన మరొక ధోరణి ఉంది. విపత్తు జరిగిన పదో రోజున వచ్చి, పిల్లలచేత నాలుగు బొమ్మలు గీయించి, ఫోటోలు తీసుకుని, 'మానసిక ధైర్యం కల్పించాం' అని నివేదిక రాసుకుపోయే ధోరణి. ఆ బొమ్మలు తర్వాత ఎవరి క్యాలెండరు మీదో కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య అసలు విషయం నలిగిపోతోంది. అదేమిటో, దానితో సాహిత్యకారులకు పనేమిటో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

దివిసీమ నుంచే మొదలుపెడదాం. 1977 నవంబరు 19న సముద్రం అయిదు మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికి వచ్చింది. అధికార లెక్కల ప్రకారమే చనిపోయినవాళ్ళు పదివేలకు తక్కువ కాదు. ప్రజల లెక్క ఎప్పుడూ అంతకంటే ఎక్కువే. శవాలను గుర్తుపట్టే తీరిక కూడా లేకుండా సామూహికంగా దహనం చేశారు, పూడ్చారు. తర్వాత తుపాను షెల్టర్లు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. మన కవులు ఉప్పెన మీద కవితలు రాశారు. కాని బతికి బయటపడ్డ మనిషిని కూర్చోబెట్టి 'నీకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?' అని అడిగే ఏర్పాటు మాత్రం లేదు. అడగాలన్న తెలివిడి అప్పటికి లోకంలోనే సరిగా లేదు. అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో, ఘోరమైన అనుభవం తర్వాత మనిషిని వెంటాడే స్థితికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టింది 1980లో. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులూ, యుద్ధాన్ని వ్యతిరేకించిన డాక్టర్లూ కలిసి ఏళ్ళ తరబడి పట్టుబట్టితే వచ్చింది. వైద్య పరిభాష వెనుక కూడా ప్రజా ఉద్యమాలుంటాయన్నది మనం గుర్తుంచుకోదగ్గ సంగతి.

అదే కాలంలో, 1972లో, అమెరికాలోని బఫెలో క్రీక్ లోయలో ఒక బొగ్గు గని కంపెనీ కట్టిన మట్టి కట్ట తెగి 125 మంది చనిపోయారు. అక్కడ బతికినవాళ్ళతో మాట్లాడి కాయ్ ఎరిక్సన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1976లో ఒక పుస్తకం రాశాడు. ఆయన గమనించింది ఇది: మనుషులు ఒక్కొక్కరుగా దెబ్బతినడం ఒకటి, వాళ్ళ మధ్య ఉన్న బంధాల అల్లిక తెగిపోవడం మరొకటి. పాత ఇరుగుపొరుగును పట్టించుకోకుండా, ఖాళీ ఉన్నచోట ఖాళీ ఉన్నట్టు కుటుంబాలను తాత్కాలిక శిబిరాల్లో సర్దేసేసరికి ఈ రెండో దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. మన పునరావాస కాలనీల్లో వరసగా కట్టిన డబ్బా ఇళ్ళను చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బావి దగ్గర మాటా, అరుగు మీద పంచాయితీ, చేబదులు ఉప్పూ పప్పూ – ఇవి పోవడం కూడా నష్టమే. ఏ రెవెన్యూ రిజిస్టరులోనూ దానికి గడి లేదు.

ఇక శాస్త్రం ఈనాడు ఏం చెబుతోంది? అంతర్జాతీయ సహాయ సంస్థలన్నీ కలిసి 2007లో మార్గదర్శక సూత్రాలు వెలువరించాయి. అందులో సహాయాన్ని ఒక పిరమిడ్‌గా చూపించారు. అట్టడుగున తిండి, నీరు, ఆశ్రయం, భద్రత. దాని మీద కుటుంబమూ సమాజమూ ఇచ్చే ఆసరా. దాని మీద, కొద్దిపాటి శిక్షణ పొందిన కార్యకర్తలు చేసే సహాయం. కొసన, కొద్దిమందికి మాత్రమే, మనోవైద్యులు. పునాది, ఉపరితలం అంటూ మనం ఇన్నేళ్ళుగా వాదించుకుంటున్నదాన్ని ఆ పెద్దలు తమ దారిన తాము వచ్చి బొమ్మగీసి చూపించారనిపించింది నాకు! బియ్యం ముందు అన్న మిత్రుడి మాట కాబట్టి సరైనదే. కాని పునాది వేసి ఇల్లు కట్టడం ఆపేస్తే దాన్ని ఇల్లనరు.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ప్రథమ చికిత్స గురించి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. దాని సారం మూడు పనులు: చూడడం, వినడం, కావలసినచోటికి చేర్చడం. ఇందులో 'నీకేం జరిగిందో చెప్పు, అంతా చెప్పు' అని తవ్వడం లేదు. కావాలనే లేదు. విపత్తు జరిగిన వెంటనే బాధితులచేత ఒకే విడతలో అనుభవమంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. పరిశోధనలన్నింటినీ జల్లెడ పట్టి చూస్తే దానివల్ల తర్వాతి మనోవ్యాధి ఆగడం లేదని, కొందరికి హాని కూడా జరిగే అవకాశం ఉందని తేలింది. మైకు పట్టుకుని 'మీ బాబు కొట్టుకుపోతుంటే మీకేమనిపించిందమ్మా?' అని అడిగే విలేకరులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

కళా చికిత్స ఇక్కడికి ఎలా వచ్చింది? ఆ మాటను 1942లో వాడుకలోకి తెచ్చినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. ఆయన క్షయవ్యాధితో, మన మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో, మంచంపట్టి ఉన్నాడు. పొద్దుపోక బొమ్మలు వేసుకున్నాడు, తోటి రోగులచేత వేయించాడు. అదే కాలంలో టెరెజిన్ నాజీ నిర్బంధ నగరంలో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. ఆమె అంతకుముందు వియన్నాలో కమ్యూనిస్టుగా అరెస్టయిన మనిషి. 1944లో ఆష్విట్జ్‌కు వెళ్ళేముందు రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు భద్రం చేసి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ తర్వాత అమెరికాలో ఈ చికిత్సకు శాస్త్ర రూపం ఇచ్చినవాళ్ళలో ఒకరు. అది ప్రకృతి చేసిన విధ్వంసం కాదు, నిజమే. కాని ఈ పద్ధతి వేళ్ళు ఆ నేలలో ఉన్నాయి.

బొమ్మ గీస్తే లోపల జరిగేదేమిటి? ప్రాణభయంలో పడ్డ మనిషికి ఆ జ్ఞాపకం కథలా కాక ముక్కలు ముక్కలుగా వస్తుందని డాక్టర్లు చెబుతారు. ఒక శబ్దం, ఒక వాసన, చేతిలోంచి జారిన చెయ్యి. అది 'అప్పుడు జరిగింది'గా ఉండదు, ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది. మాటకు లొంగని ఆ ముక్కను గీతలోకి దింపితే అది కాగితం మీద ఉంటుంది. దాన్ని చూడొచ్చు, మడిచి పక్కన పెట్టొచ్చు, చించొచ్చు. అంతవరకు అది మనిషిని పట్టుకుంది. ఇప్పుడు మనిషి దాన్ని పట్టుకున్నాడు. రాత విషయంలో జేమ్స్ పెన్‌బేకర్ 1986లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను కలచివేసిన సంగతిని విద్యార్థులచేత రాయించాడు. అలా రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. తర్వాతి పరిశోధనలు ఆ ఫలితం చిన్నదేననీ, అందరికీ ఒకేలా ఉండదనీ చెప్పాయి. కళ సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్ళను నేను నమ్మను. చిన్న ఫలితం కూడా ఫలితమే అంటాను.

సాహిత్య విద్యార్థులకు ఇందులో ఒక మౌలికమైన ప్రశ్న ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు, అలసినవాళ్ళకు నాట్యం విశ్రాంతినిస్తుందని భరతుడు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే అన్నాడు. చెరువు పొంగినప్పుడు అలుగు ఎలాంటిదో, శోకం పొంగినప్పుడు విలాపం అలాంటిదని భవభూతి ఉత్తరరామచరితం మూడో అంకంలో చెప్పాడు. కట్ట నిలవాలంటే నీరు పొర్లాలి. చెరువుల కింద బతికిన మన రైతుకు ఈ పోలిక వివరించనక్కర్లేదు. కాని రస సిద్ధాంతం మొత్తం మీద ఎవరి గురించి మాట్లాడింది? సహృదయుడి గురించి, అంటే చూసేవాడి గురించి. వాల్మీకి శోకం శ్లోకమైందని మనం క్లాసులో పారవశ్యంతో చెబుతాం. ఆ శ్లోకం చూసినవాడిది. జతను పోగొట్టుకున్న ఆడపక్షి ఏడ్పు ఏ ఛందస్సులో ఉందో ఎవరూ అడగలేదు. కళా చికిత్స చేసే పని ఇదే: కరుణ రసాన్ని ప్రేక్షకుడి కుర్చీలోంచి లేపి, దెబ్బ తిన్నవాడి చేతికి ఇస్తుంది. అక్కడ మంచి కవితా చెడ్డ కవితా అన్న ప్రశ్న లేదు. మనలాంటి విమర్శకులకు ఇది కొంచెం ఇబ్బందికరమైన పరిస్థితే.

నా తరగతి గదిలో చూసింది చెబుతాను. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బడి తెరిచాక ఎనిమిదో తరగతి పిల్లలు 'వరదలు' అన్న వ్యాసం రాశారు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. 'వరదల వలన ప్రాణనష్టము, ఆస్తినష్టము సంభవించును.' నలభై కాగితాల్లోనూ ఇదే వాక్యం. ఆస్తినష్టం సంభవించిన ఇంటి పిల్లే ఆ వాక్యం రాసింది. తన ఇల్లు అందులో లేదు. మనం బళ్ళో నేర్పే భాష బాధను దాచడానికి ఎంత బాగా పనికొస్తుందో ఆ రోజు అర్థమైంది. డ్రాయింగ్ పీరియడ్‌లో మాత్రం వేరే లోకం కనిపించింది. ఏం గీయాలో ఎవరూ చెప్పలేదు. కొందరు పువ్వులు వేశారు, కొందరు క్రికెట్ బ్యాట్లు. ఒకడు ఆకాశంలోంచి డ్రోన్ అన్నం పొట్లం దించుతున్నట్టు వేశాడు. పొట్లం ఇంటికంటే పెద్దది. ఒక అమ్మాయి మెట్లు వేసింది. ఉత్త మెట్లు. ఏడో మెట్టు దాకా నీలం రంగు. తర్వాతి వారం మళ్ళీ మెట్లే, అయిదో మెట్టు దాకా నీలం. నెల దాటాక నీలం పోయింది, కింద మెట్టు మీద బురద రంగు గీత మిగిలింది. నేను ఏమీ అడగలేదు. ఆ అమ్మాయే ఒకరోజు వచ్చి, 'మాస్టారూ, మా నాయనమ్మ మందుల డబ్బా మూడో మెట్టు మీద ఉండిపోయిందండీ' అంది.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. మునిగిన కింది అంతస్తుకు 25,000, పై అంతస్తుకు 10,000 రూపాయలు. సర్వే చేసేవాళ్ళు అంతస్తులు లెక్కపెట్టారు. పిల్ల మెట్లు లెక్కపెట్టింది. రెండు లెక్కలూ అవసరమే. మొదటిది రెండోదాన్ని మింగేయకూడదు. రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని ఎగవేయనూ కూడదు. వాగు దారిలో ఇళ్ళు ఎందుకు లేచాయి, గట్లు ఎందుకు తెగాయి అన్న ప్రశ్నలకు రంగు పెన్సిలు జవాబు కాదు. బాధితుడి కోపం కూడా ఒక రోగలక్షణమన్నట్టు మాట్లాడే కౌన్సెలింగ్‌ను మనం ఒప్పుకోనక్కర్లేదు. అన్యాయం జరిగినప్పుడు కోపం రావడం ఆరోగ్యమే.

మరొకటి. ఈ చికిత్సంతా పడమటి నుంచి వచ్చిన కొత్త సరుకని అనుకోవడం పొరపాటు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయినవాడి పేరు, వాడి పనితనం, వాడు తిన్నదీ తినకుండా పోయిందీ, అప్పిచ్చి వేధించిన ఆసామి పేరుతో సహా అన్నీ అందులోకి వస్తాయి. రాగం ఉంది, పాదం ఉంది, చుట్టూ కూర్చుని వంత కలిపేవాళ్ళున్నారు. చదువుకున్న మనం దాన్ని మొరటుతనమనుకుని సిగ్గుపడ్డాం. పెద్దదినం దాకా ఇంటికి జనం వస్తూ పోతూ ఉండడం కూడా పిరమిడ్‌లో రెండో మెట్టే. దివిసీమలో, 2004 సునామీలో నాగపట్నం తీరాన, దెబ్బ తగిలింది సరిగ్గా ఈ చోటే. శవం దొరకలేదు కనుక కర్మ లేదు, కర్మ లేదు కనుక ఏడ్పుకు ఒక రోజంటూ లేదు. వంత కలపాల్సిన ఇరుగమ్మా పొరుగమ్మా కూడా పోయారు. పోయాడో ఉన్నాడో తేలని మనిషి కోసం పడే దుఃఖం ఏళ్ళు గడిచినా మానదని పౌలీన్ బాస్ అనే పరిశోధకురాలు వివరించింది. దిబ్బ దగ్గర నిలబడి నలుగురూ కలిసి పేర్లు చదవడం, ఒక పాట పాడడం అలాంటిచోట వైద్యమే అవుతుంది. జపాన్‌లో కోబే నగరాన్ని 1995 జనవరి 17న భూకంపం కూల్చింది; 6,400 మందికి పైగా పోయారు. ఇల్లు కోల్పోయిన ఒక ప్రాథమిక పాఠశాల సంగీతోపాధ్యాయుడు రెండు వారాల్లో ఒక పాట కట్టాడు. ఆ ఊరి బడిపిల్లలు సంస్మరణ సభల్లో ఈనాటికీ దాన్ని పాడుతున్నారు. తోటి పంతులుగా నాకు ఆయనంటే కొంచెం అసూయ.

మన సంఘాల పని గురించి రెండు మాటలు. విపత్తు జరిగిన వారంలో కవి సమ్మేళనం పెట్టి సంకలనం వేయడం మనకు అలవాటు. అందులో ఉప్పెన ఎప్పుడూ 'రాకాసి అల'గానే ఉంటుంది, తల్లి ఎప్పుడూ బిడ్డ శవాన్ని హత్తుకునే ఉంటుంది. ఆ సంకలనాలు వద్దని కాదు, విరాళాలు తెస్తాయి. కాని సహాయ బృందంతో వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురు రాయడానికి కాక, కూర్చోవడానికి వెళ్ళాలి. చెప్పమని అడగకూడదు. చెబితే లేచిపోకూడదు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాలి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వెళ్ళాలి. నిద్రాహారాలు మాని, చావు మాట ఎత్తుతున్న మనిషి కనిపిస్తే కవిత్వం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వాళ్ళు పాడింది, గీసింది వాళ్ళ సొత్తు. అచ్చువేయాలంటే వాళ్ళ అనుమతి కావాలి, వాళ్ళు కోరితే వాళ్ళ పేరు ఉండాలి, వద్దంటే కాగితం తిరిగి ఇచ్చేయాలి. నా క్లాసులో మెట్ల బొమ్మ నా దగ్గర లేదు. ఆ అమ్మాయి ఇంటికి పట్టుకెళ్ళింది.

కృష్ణా జిల్లా మిత్రులకు ఒక మనవి కూడా ఉంది. నాగాయలంక, కోడూరు మండలాల ఊళ్ళలో ఉప్పెన నాటి శోకాలు కట్టి ఏడ్చినవాళ్ళు, ఆ ఏడ్పు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ విశ్వవిద్యాలయమూ రాసుకోకముందే, వాళ్ళకు ఇష్టమైతే, వెళ్ళి వినాలి. 1977లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దగ్గరపడింది.