అన్యాక్రాంతం చేయరాదు

మా వైపు డీ-పట్టా అంటాం. రాయలసీమలో డీకేటీ పట్టా, తెలంగాణలో లావణి పట్టా. భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన ఆ కాగితం ఎక్కడిదైనా షరతు మాత్రం ఒక్కటే: వారసత్వంగా అనుభవించవచ్చు, అన్యాక్రాంతం చేయరాదు.

సబ్-రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ మాటకి అమ్మకూడదు అనే అర్థం చెప్పుకుంటారు. "అమ్మట్లేదండీ, కౌలుకే ఇస్తున్నా, రాసిపెట్టండి" అంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం కౌలు కూడా అన్యాక్రాంతమే. దానం, మార్పిడి, తాకట్టు కూడా అంతే. వీలునామాకి అడ్డులేదు. బ్యాంకులో, సహకార సంఘంలో పెట్టే తాకట్టుకి మినహాయింపు ఉంది.

ఈమధ్య ఒకాయన పాత తెల్లకాగితం తెచ్చాడు. తూర్పున చెరువుకట్ట, పడమర డొంక అని హద్దులు రాసి, కింద రెవెన్యూ స్టాంపు మీద అలుక్కుపోయిన వేలిముద్ర. కూతురి పెళ్లప్పుడు డీ-పట్టా ఎకరం అమ్మేసిన రైతుది. దాన్ని రిజిస్టరు చేయించమంటాడు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంది. ఆ వేలిముద్రతో కొన్నవాడికి ఏ హక్కూ రాలేదని చెప్పాను. రైతు ఇష్టపడి వేసినా చట్టం దృష్టిలో అది చెల్లదు. కొన్నవాడికి ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తాసిల్దారు అతన్ని ఖాళీ చేయించి భూమిని అసలు పట్టాదారుకో, వారసులకో తిరిగి ఇప్పించవచ్చు. అయితే ఆ అవకాశం ఒక్కసారే. మళ్లీ అమ్ముకుంటే ప్రభుత్వానికి పోతుంది.

సొంత భూమిని అమ్ముకునే స్వేచ్ఛ లేకపోవడం అన్యాయం అనేవాళ్లున్నారు. ఆసుపత్రి ఖర్చుకి, పెళ్లి అప్పుకి ఎకరాలు ఏ ధరకి పోతాయో రోజూ చూసేవాణ్ని, నేను ఒప్పుకోను. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టానికి 2023లో చేసిన సవరణతో, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగుభూమిని అసలు లబ్ధిదారుగానీ వారసులుగానీ అమ్ముకునే వీలు వచ్చింది. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు.

కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందే సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందేమో చూసుకోండి. డీ-పట్టా ఉన్నవాళ్లు ఎంత అవసరం వచ్చినా తెల్లకాగితం మీద వేలిముద్ర వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే తాసిల్దారుకి అర్జీ పెట్టుకోండి.