మాచికాయ

మూలికల అంగడిలో మాచికాయ అడిగి చూడండి. గోలీ అంత, గట్టిగా, బూడిద రంగులో, పైన చిన్న చిన్న బుడిపెలున్న కాయ ఒకటి ఇస్తారు. కన్నడంలో దీనిని మాచికాయి అనీ, తమిళంలో మాసిక్కాయ్ అనీ, మరాఠీలో మాయఫళ్ అనీ అంటారు. పండ్లపొడిలో కలుపుతారు. సానరాతి మీద అరగదీసి పసిబిడ్డల మందులో చేర్చే ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంతగా వాడే ఈ కాయ చెట్టు మాత్రం మన ఊళ్లలో కనిపించదు. పైగా ఇది నిజానికి కాయే కాదు!

ఇది ఓక్ చెట్టు కొమ్మ మీద ఏర్పడుతుంది. ఓక్ చెట్లలో నాలుగు వందలకు పైగా రకాలున్నాయి. మన హిమాలయాలలోనూ కొన్ని పెరుగుతాయి. మాచికాయనిచ్చేది గ్రీసు, టర్కీ, సిరియా, ఇరాన్ దేశాలలోని ఒక పొట్టి రకం. కందిరీగల జాతికి చెందిన చీమంత పురుగు ఒకటి దాని లేత మొగ్గను పొడిచి గుడ్డు పెడుతుంది. అక్కడ చెట్టు ఉబ్బి, వగరు పదార్థంతో నిండిన ఉండ తయారవుతుంది. లోపలి పిల్లపురుగుకు అదే ఇల్లు, అదే తిండి. రెక్కలు వచ్చాక చిల్లు చేసుకొని ఎగిరిపోతుంది. అంగట్లో మాత్రం చిల్లు పడని కాయకే గిరాకీ. వగరు అందులోనే ఎక్కువ.

ఓక్ అసలు కాయ వేరు. అది కోలగా, తలకు టోపీ పెట్టినట్లు ఉంటుంది. ఐరోపాలో కాకి జాతికి చెందిన జే అనే పక్షి చలికాలపు తిండికని ఈ కాయలను నేలలో దాచి, కొన్నింటిని మరచిపోతుంది. అవే మొలిచి చెట్లవుతాయి. ప్రాచీన గ్రీకులు ఓక్‌ను తమ దేవరాజు జ్యూస్‌కు చెందిన చెట్టుగా కొలిచారు. డొడోనా అనే క్షేత్రంలో ఓక్ ఆకుల గలగలలో దేవుని మాట వినబడుతుందని నమ్మి, దూరదూరాల నుండి ప్రశ్నలతో వచ్చేవారు.

పచ్చి అరటికాయను ఇనుప కత్తిపీటతో కోస్తే కత్తి నల్లబడటం మీరు చూసే ఉంటారు. వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. మాచికాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణాన్ని, కొంచెం బంకను కలిపి ఐరోపావారు సిరా చేసుకున్నారు. రాసినప్పుడు పాలిపోయి కనిపించినా, గాలి తగిలిన కొద్దీ ఈ సిరా నల్లబడుతుంది. నీటితో కడిగినా సులభంగా పోదు. 1215లో ఇంగ్లండు రాజు అంగీకరించిన మాగ్నా కార్టా ఒడంబడికను తోలుపత్రాల మీద రాసింది ఈ సిరాతోనే. రెంబ్రాంట్ కొన్ని చిత్రాలు గీసింది, బాఖ్ సంగీతాన్ని స్వరపరచి రాసింది కూడా దీనితోనే.

మన పెద్దలు తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతలకు మసి పూసేవారు. మసి ఆకును తినదు. (చెదలు తింటాయి, అది వేరే సంగతి.) ఓక్ సిరా అలా కాదు. అందులోని ఆమ్లం, ఇనుము కలిసి ఏళ్ల తరబడి కాగితాన్ని కొరుకుతాయి. బెర్లిన్ గ్రంథాలయంలోని బాఖ్ చేతిరాత ప్రతులలో సిరా దట్టంగా ఉన్నచోట కాగితం పొడిపొడిగా రాలి, స్వరం ఉండవలసిన చోట చిల్లు మిగిలింది. వాటిని నిలబెట్టడానికి నిపుణులు పాడైన కాగితాలను మందంలో రెండు పొరలుగా చీల్చి, నడుమ పలుచని గట్టి కాగితం ఉంచి, మళ్లీ అతికించారు.