ఖాళీ గడికి 12 వేల డాలర్లు!

పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న పిల్లాడూ, అసలు పరీక్షకే రాని పిల్లాడూ ఒకటి కాదు. అందుకే మార్కుల జాబితాలో రెండోవాడికి మాస్టారు సున్నా వేయరు, గైర్హాజరు అని రాస్తారు. దరఖాస్తులో మనం నింపకుండా వదిలేసిన గడినీ కంప్యూటర్ అలాగే ‘నల్’ అని గుర్తుపెట్టుకుంటుంది. అంటే, వివరం లేదని. అది గుర్తే తప్ప పదం కాదు. ఆ తేడా ప్రోగ్రామ్‌కి తెలియకపోతే..?

కాలిఫోర్నియాలో ఓ కంప్యూటర్ భద్రతా నిపుణుడు 2016లో తన కారుకి ‘నల్’ అనే అక్షరాలతోనే నంబర్‌ప్లేటు తీసుకున్నాడు. (రుసుము కడితే అక్కడ నచ్చిన అక్షరాలు ఇస్తారు.) ఆ పేరు చూసి కంప్యూటర్లు తికమకపడితే తనకి చలానాలే రావేమోనన్న చిలిపి ఆశ కూడా! జరిగింది వేరు. తర్వాతెప్పుడో 35 డాలర్ల పార్కింగ్ జరిమానా కట్టాడు. దాంతో ఆయన పేరూ చిరునామా ఆ ప్లేటుకి జతపడ్డాయి. ఇక బండి నంబరు రాయకుండా వదిలేసిన చలానాలన్నీ ఆయన ఇంటికే! ఏ ఊరివో, ఎవరి బండివో... మొత్తం 12,049 డాలర్లు.

ప్లేటు మార్చుకోమన్నారు అధికారులు. తప్పు నాది కానప్పుడు నేనెందుకు మార్చుకోవాలన్నాడాయన. 2019లో లాస్‌వేగాస్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఈ కథంతా చెప్పేనాటికీ కారుకి అదే ప్లేటు.